మా ఇంటి మనిషి కాదు

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ మూడంతస్తుల భవనంలో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. మెట్ల మీద అలికిడి ఉండదు. ఆ ఆదివారమూ అంతే. పై అంతస్తు ఇంట్లో మాత్రం ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని, ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు చేస్తున్నాడు. ఫోనులో ఏదో సంగీతం. నలభై నిమిషాలుగా అదే సంగీతం. మధ్యమధ్యలో ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతోంది. అది ఎంత అబద్ధమో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు మరి. అతని ఉద్యోగమూ అదే. ఇలాంటి ఇంకో ఆన్‌లైన్ కంపెనీలో, సరుకు అందలేదు మొర్రో అని మొత్తుకునేవాళ్ళకి జవాబులు రాసే పని. ఎక్కడ మొదలుపెట్టినా అతని జవాబు "కుదరదు" దగ్గరే ముగుస్తుంది కాబట్టి ఆఫీసులో అందరూ కుదరదుగారు అని పేరు పెట్టేశారు. ఆ పేరంటే అతనికి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఇప్పుడు ఆ కుదరదుగారే నెలరోజులుగా పరాయి కంపెనీ వాళ్ళ చేత కుదరదు అనిపించుకుంటున్నాడు.

అతను వెనక్కి అడుగుతున్నది ఒక గాలి పరుపు డబ్బులు. అమ్మ మంచం పట్టిన నాలుగో నెలలో వీపు మీద పుళ్ళు పడ్డాయి. కట్లు మార్చడానికి వచ్చే నర్సమ్మ చూసి, ఇక ఈ దూది పరుపు లాభం లేదు, గాలి పరుపు కొనండి అంది. దానికి ఒక చిన్న మోటారు ఉంటుంది. పరుపులోని గొట్టాల్లోకి కాసేపు ఇటు, కాసేపు అటు గాలి పంపుతూ ఉంటుంది, ఒళ్ళు ఒకే చోట ఒత్తుకోకుండా. వీధి చివర మందుల షాపులో అప్పటికప్పుడే దొరుకుతుంది. అక్క పర్సు తీసుకుని చెప్పులు కూడా వేసుకుంది. అతనే ఆపాడు.

"ఆన్‌లైన్‌లో సగానికి సగం అక్కా. నాలుగే రోజులు."

ఆ నాలుగు రోజులు పదయ్యాయి. పది కాస్తా పదిహేనయ్యాయి. రోజూ సాయంత్రం అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపలి గదిలోంచి అమ్మ అడిగేది, "వచ్చిందా నాన్నా?" అని. రేపొస్తుందమ్మా అనేవాడు. షాపులోదే తెచ్చేద్దాంరా అని అక్క రోజూ పోరు పెట్టింది. తెచ్చిన మర్నాడే ఇదీ ఊడిపడుతుంది, రెండు పరుపులు ఏం చేసుకుంటాం అనేవాడు. పంతొమ్మిదో రోజు తెల్లారేసరికి అమ్మ పోయింది. చివరిసారి పక్కకి తిప్పి ఒళ్ళు తుడిచినప్పుడు అక్క ఆ వీపు చూసింది. ఆ తర్వాత తమ్ముడి మొహంలోకి చూసి మాట్లాడటం మానేసింది.

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. దాంతో అతని బుర్రలో ఒకటే తిష్ఠ వేసింది, ఆ కంపెనీ చేత డబ్బు కక్కించాలి. డబ్బు మీద ఆశతో కాదు. వాళ్ళు వెనక్కి ఇచ్చారంటే తప్పు మాదే అని ఒప్పుకున్నట్టు. తప్పు వాళ్ళదయితే ఇక అతనిది కాదు. అప్పుడు అక్క ముందు తలెత్తుకుని తిరగొచ్చు.

సంగీతం ఆగింది. ఎవరో కుర్ర గొంతు.

"సార్, మీ వస్తువు డెలివరీ అయిపోయింది కదా సార్."

"నిన్నటిదాకా దారిలోనే ఉందన్నారుగా! ఎప్పుడయ్యింది?"

"పోయిన నెల ఇరవయ్యో తారీకు, మధ్యాహ్నం రెండూ పదికి సార్."

అమ్మ పోయింది తొమ్మిదో తారీకున. అంటే పదకొండు రోజుల తర్వాత. ఆ రోజు అతను ఆఫీసులో ఉన్నాడు. అక్క బడిలో ఉంది, అక్కడ లైబ్రరీ చూసుకునే ఉద్యోగం తనది. ఇంటికి తాళం.

"తాళం వేసిన ఇంట్లో ఎవరు తీసుకున్నారయ్యా?"

"ఎవరో అందుకున్నారు సార్. కోడ్ కూడా కరెక్టుగా చెప్పారు. ఫోటో పంపిస్తాను, చూసుకోండి."

ఫోటో వచ్చింది. అతని ఇంటి తలుపే. సగం తెరిచి ఉంది. లోపల చీకటి. గుమ్మం మీద పొడుగాటి అట్టపెట్టె. ఆ చీకట్లోంచి ఒక చెయ్యి, మణికట్టు దాకా, పెట్టె మీద ఆనించి ఉంది. ముడతలు పడి వదులైన చర్మం. చేతి వెనక, సూది గుచ్చిన చోట తెల్ల ప్లాస్టరు.

అక్క ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో తెలియదు.

"అమ్మ చెయ్యి," అంది.

"పిచ్చిగా మాట్లాడకు. ముసలివాళ్ళ చేతులన్నీ ఒకలాగే ఉంటాయి."

"ఆ ప్లాస్టరు కత్తిరించి వేసింది నేనేరా. వంకరగా పోయిందని నర్సమ్మ నవ్వింది కూడా."

అది నిజంగానే వంకరగా ఉంది. అతను ఫోను బోర్లా పెట్టేశాడు. కోడ్ ఏ నంబరుకి వెళ్ళిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆర్డర్ పెట్టేటప్పుడు, పగలు ఇంట్లో ఉండేది అమ్మే కదా అని రెండో నంబరు అమ్మది ఇచ్చాడు. ఆ ఫోను పారేయడానికి మనసొప్పక బీరువాలో పెట్టారు. తీసి చార్జింగ్ పెడితే పది నిమిషాలకి వెలిగింది. ఇరవయ్యో తారీకు కోడ్ వచ్చిన మెసేజ్ అందులో ఉంది. ఎవరో దాన్ని తెరిచి చదివినట్టే ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇల్లంతా గాలించారు. మంచాల కింద, అటకల మీద, బాత్రూమ్‌లో కూడా చూశారు. అట్టపెట్టె లేదు. అమ్మ గదిలో పరుపు తీసేసిన చెక్క మంచం, కిటికీ దగ్గర కుర్చీ, అంతే. పుళ్ళకి రాసే మందు వాసన మాత్రం ఆ గదిలో అలాగే ఉంది. నెల దాటినా పోలేదు.

మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే రెండో అంతస్తులో పార్సిల్ ఇస్తున్న డెలివరీ మనిషి కనిపించాడు. నలభై దాటినవాడు, చంకలో హెల్మెట్. పై ఇంటికి పెద్ద పెట్టె ఇచ్చింది మీరేనా అని అడగ్గానే అతని మొహం మారిపోయింది. అటూ ఇటూ చూసి గోడ పక్కకి జరిగాడు.

"పెద్దావిడ తీశారండీ," అన్నాడు గొంతు తగ్గించి. "బెల్ కొట్టాక చాలాసేపటికి తీశారు. కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది... ఎంతకీ రారు. మీ ఇల్లు అంత పెద్దదా అనుకున్నా."

"మొహం చూశారా?"

"లోపల చీకటి. కోడ్ అడిగితే చెప్పారు. బరువుగా ఉందమ్మా, నేను లోపల పెడతా అన్నా. వద్దు, మా అబ్బాయి కొన్నాడు, నేనే తీసుకుంటా అన్నారు." అతను హెల్మెట్ ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నేను రెండు చేతులతో ఆయాసపడుతూ మోసుకొచ్చిన పెట్టె అది. ఆవిడ ఒంటి చేత్తో లాగేసుకున్నారు. ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

అతను గబగబా మెట్లు దిగిపోయాడు. 'మా అబ్బాయి కొన్నాడు' అన్న మాట దారి పొడుగునా చెవిలో మోగుతూనే ఉంది. అందులో నిష్ఠూరం ఉన్నా సర్దుకునేవాడు. గొప్పగా చెప్పుకున్నట్టుంది, అదే భరించలేకపోయాడు.

అదే రోజు కంపెనీ వాళ్ళ ఆఖరి ఉత్తరం వచ్చింది. ఫోటోలోని మనిషి తనకు సంబంధించినవారు కాదని గురువారం మధ్యాహ్నం మూడు లోపల రాసి పంపితే డబ్బు వాపసు ఇస్తారు, లేకపోతే ఫిర్యాదు మూసేస్తారు. ఇలాంటి కాగితాలు అతను వేలల్లో చూశాడు. జనం ఎక్కడ జారతారో అతనికి కొట్టిన పిండి. 'ఆమె ఎవరో నాకు తెలియదు' అని రాస్తారు అమాయకులు. అప్పుడతను, మీ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండవచ్చు, కాబట్టి కుదరదు అని తిప్పికొడతాడు. కాబట్టి చిల్లు లేకుండా రాయాలి. ఇంట్లో ఉన్న ఇద్దరి పేర్లూ పెట్టి రాయాలి.

బుధవారం కంచాల ముందు కూర్చున్నప్పుడు, ముందురోజు అతను చూపించిన ఉత్తరం మాట అక్కే ఎత్తింది. ఎన్నాళ్ళకో మొహంలోకి చూసి మాట్లాడింది.

"అది రాయకురా."

"అది అమ్మ కాదక్కా. అమ్మని మనమే సాగనంపాం."

"అయితే ఎవరో దొంగ అని రాయి. ఏమీ కాదని మాత్రం రాయకు."

"దొంగ అంటే పోలీసు కాగితం అడుగుతారు. కుదరదు."

అక్క కంచంలోంచి చెయ్యి తీసేసింది. "నీ ఇష్టం. నా పేరు మాత్రం అందులో పెట్టకు. అంత మాట నా పేరు మీద వద్దు."

"సరే, పెట్టను," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. అదే అతను చేసిన తప్పు.

గురువారం సెలవు పెట్టాడు. అక్క బడికి వెళ్ళింది. పొద్దుటి నుంచీ వాన. ఒంటిగంట దాటేసరికి మబ్బు ఎంత దట్టంగా కమ్మిందంటే ముందు గదిలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. అక్క పేరు లేకుండా చిల్లు పూడ్చడం ఎలా అని బుర్ర బద్దలు కొట్టుకుని, ఆఖరికి దారి కనిపెట్టాడు. ఫోనులో ఇలా రాశాడు. 'ఫోటోలోని మనిషి మా ఇంటి మనిషి కాదు. ఆమె నాకు ఏమీ కాదు. ఈ ఇంట్లో నేను ఒక్కడినే ఉంటాను. నాకు తల్లి గానీ, తోబుట్టువులు గానీ ఎవరూ లేరు.' రెండుసార్లు చదువుకున్నాడు. ఎంత తలపండిన గుమాస్తా అయినా దీనికి కుదరదు అనలేడు. పంపే ముందు మంచినీళ్ళు తాగుదామని లేచాడు.

కరెంటు పోయింది.

ఫ్రిజ్ చప్పుడు ఆగింది. ఫాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. కిటికీ బయట వాన తప్ప ఇంకే శబ్దమూ లేదు. వంటగది గుమ్మం, ముందు గది, నడవా, అన్నీ ఒకే బూడిదరంగు చీకట్లో కలిసిపోయాయి. గోడలు తేమ వాసన వేస్తున్నాయి. ఆ తేమ వాసనలోంచి సన్నగా ఇంకో వాసన... పుళ్ళ మందు.

అప్పుడు వినిపించింది.

గుర్ర్ర్... ఫుస్స్.

ఏదో చిన్న మోటారు. నడవా చివర నుంచి. కాసేపు ఆగి, మళ్ళీ.

గుర్ర్ర్... ఫుస్స్.

పక్కింటిది కావచ్చు అనుకున్నాడు. కరెంటు భవనమంతా పోయిందన్న సంగతి అప్పుడు తట్టింది. చేతిలో ఫోను వెలుగు, టైము రెండూ నలభై ఎనిమిది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేశాడు. అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. వేలితో తోశాడు.

చెక్క మంచం మీద గాలి పరుపు ఉంది.

గొట్టాలు ఉబ్బుతున్నాయి... తగ్గుతున్నాయి. పక్కవి ఉబ్బుతున్నాయి... తగ్గుతున్నాయి. పరుపు మీద ఎవరూ లేరు. మధ్యలో మాత్రం, పక్కకి తిరిగి పడుకున్న మనిషి ఆకారంలో లొత్త పడి ఉంది. చిన్న మనిషి. మోకాళ్ళు ముడుచుకున్న మనిషి.

"వచ్చింది నాన్నా..."

గొంతు ఆ లొత్తలోంచే వచ్చింది. ఊపిరి అంత సన్నగా.

"ఒత్తుకోవట్లేదు... హాయిగా ఉంది... మంచిది కొన్నావు."

అతని కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. భయం ఒకవైపు, ఏడుపు ఒకవైపు. వెళ్ళి ఆ మంచం పక్కన కూలబడి, ఆ రోజే షాపులో కొనాల్సిందమ్మా, తప్పు నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అంటే అదే నిజమైపోతుంది. జన్మంతా ఆ తప్పు మోసుకు తిరగాలి. ఫోనులో టైము రెండూ యాభై ఆరు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఫిర్యాదు మూసేస్తారు.

"ఏం రాస్తున్నావు నాన్నా?" అంది గొంతు.

"ఆఫీసు పనమ్మా," అన్నాడు.

అంటూనే నొక్కాడు.

మోటారు ఆగిపోయింది.

పరుపులోంచి గాలి బయటికి పోవడం మొదలుపెట్టింది. సన్నగా... ఎడతెరిపి లేకుండా... ఎంతసేపటికీ తరగకుండా. గొట్టాలు ఒక్కొక్కటే చప్పబడ్డాయి. లొత్త కిందికి దిగింది. ఇంకా దిగింది. ఆఖరున ఎముకలు చెక్కకి తగిలిన చప్పుడు. దాని వెనకే మూలుగు. పక్కకి తిప్పినప్పుడల్లా అమ్మ పళ్ళ బిగువున ఆపుకునే మూలుగు. ఈసారి ఆపుకోలేదు.

"అమ్మా..."

మూలుగు ఆగింది.

"ఎవరు బాబూ నువ్వు?"

అతను తలుపు పక్కకి ఒదిగాడు.

మంచం కిర్రుమంది. నేల మీద కాళ్ళు ఈడుస్తున్న చప్పుడు... మెల్లగా అతని వైపు... అతని పక్కనుంచి... అతన్ని దాటి. చల్లటి గాలీ మందు వాసనా మొహానికి కొట్టాయి. నడవా దాటింది. ముందు గది దాటింది. వీధి తలుపు తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

కరెంటు వచ్చింది. మంచం ఖాళీగా ఉంది, చెక్కలు కనిపిస్తూ. ఫోనులో రెండు మెసేజ్‌లు వచ్చి ఉన్నాయి. మీ ఇంటి నుంచి వస్తువు వెనక్కి తీసుకున్నాం. మీ డబ్బు మీ ఖాతాలో జమ అయింది. తప్పు వాళ్ళదే అని తేలిపోయింది. అతను గోడకి ఆనుకుని హమ్మయ్య అనుకున్నాడు. ఇంత జరిగాక కూడా అనుకోగలిగాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. వాన వల్ల బడి తొందరగా వదిలేసినట్టున్నారు. తెరిచి ఉన్న తలుపు బయట అక్క నిలబడి ఉంది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఇంటి తాళంచెవి. లోపలికి రాకుండా గుమ్మం అవతలే ఆగింది.

"ఏమండీ," అంది.

"అక్కా! అక్కడే నిలబడ్డావేం? డబ్బు వచ్చేసింది. రా లోపలికి."

అతను చెయ్యి పట్టుకోబోయేసరికి ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. ముక్కూ మొహం తెలియని మగవాడు మీదికి వస్తే జరిగినట్టు.

"ఈ తాళంచెవి నా సంచిలో ఉందండీ. ఎలా వచ్చిందో తెలియట్లేదు. ఈ ఇంటిదేమో అనిపించి ఇద్దామని వచ్చాను."

"నేనే అక్కా... ఏంటిది? ఎగతాళా?"

ఆమె అతన్ని పరీక్షగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. నెలరోజుల నిష్ఠూరం కూడా లేదు. ఎక్కడైనా చూశానా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది, అంతే.

"మీరు ఇంకెవరినో అనుకుంటున్నారు," అని వంగి తాళంచెవి గుమ్మం మీద పెట్టింది.

మెట్ల మలుపు దగ్గర నుంచి, చీకట్లోంచి, ఒక ముసలి గొంతు పిలిచింది.

"పద తల్లీ. ఇక్కడ మనవాళ్ళెవరూ లేరట."

"వస్తున్నానమ్మా. మెల్లగా... మెట్లు తడిగా ఉన్నాయి," అంది అక్క. గొడుగు ముడిచి, ఎవరి నడుం చుట్టూనో చెయ్యి వేసినట్టు చెయ్యి చాచి, దిగడం మొదలుపెట్టింది.

అతను గుమ్మం దాటి మెట్ల పైన నిలబడ్డాడు. కింద ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. పిలిస్తే ఆగుతారు. ఆగి తీరతారు. అక్కా అని అరవబోయాడు. అమ్మా అని అరవబోయాడు. రెండు మాటలూ బుర్రలో ఉన్నాయి, నోటికి రావట్లేదు. చిన్నప్పటి నుంచి రోజూ అన్న మాటలు, ఎవరివో పరాయి మాటల్లా నాలుకకి ఎక్కట్లేదు. అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటింది. మొదటి అంతస్తు దాటింది. వానలో కలిసిపోయింది.

అతని వెనక ఇంటి తలుపు మెల్లగా మూసుకుంది.

లోపల ఎవరో, ఆ ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళలా, తొందరేమీ లేకుండా, గడియ పెట్టుకున్నారు.